నాలుగు లాట్లు, ఒకే కవరు, నాలుగు షిప్పింగులు: ఇది న్యాయమేనా?

కావలి_స్టాంపులు:
అందరికీ నమస్కారం. పోయిన నెల ఒక ఆన్‌లైన్ వేలంలో నాలుగు లాట్లు (లాటు అంటే ఒక పాటకు పెట్టే సరుకు) గెలిచాను, నాలుగూ ఒకే అమ్మకందారువి, హైదరాబాదు ఆయన. అందులో ఒకటి 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి స్టాంపు వచ్చినప్పటి ఫస్ట్ డే కవరు, అంటే స్టాంపు విడుదలైన రోజు ముద్ర పడిన కవరు. మా నాయన దగ్గర అచ్చం అలాంటిదే ఉండేది, ఒక తుపానుకు ఇంట్లోకి నీళ్లు వచ్చి పాడైపోయింది, అందుకని పట్టుబట్టి పాడాను. నాలుగింటికీ కలిపి పాట 310 రూపాయల దగ్గర ఆగింది. బిల్లు చూస్తే 910. ఏందని అడిగితే లాటుకు 150 చొప్పున షిప్పింగ్ 600 అన్నారు. లాటు కింద "షిప్పింగ్ అదనం" అని రాసుంది గానీ ఎంతో ఎక్కడా లేదు.

సరే, పాడినోడిని నేనే, మాట తప్పకూడదని కట్టేశాను. వారానికి సరుకు వచ్చింది. నాలుగు లాట్లూ ఒకే కవర్లో, మధ్యలో ఒక అట్టముక్క, స్పీడ్ పోస్ట్. పైన అంటించిన స్టిక్కర్ మీద 55 రూపాయల 46 పైసలు అని ఉంది. నా దగ్గర తీసుకున్నది 600. ఆయన్ని మర్యాదగానే అడిగాను, లాటుకు విడిగా షిప్పింగ్ మా రూలు, ఇష్టమైతేనే పాడండి అని ఒక్క ముక్కలో చెప్పేశారు.

డబ్బు గురించి మాత్రమే కాదు నా బాధ. ఒకే కవరుకు నాలుగుసార్లు పోస్టేజీ తీసుకోవడం న్యాయమా అని అడుగుతున్నా. ఇక్కడ కొనేవాళ్లూ ఉన్నారు, అమ్మేవాళ్లూ ఉన్నారు, మీ మాట చెప్పండి.

నెల్లూరు_పాతపుస్తకాలు:
అన్నా, 600 అన్యాయమే, దాన్ని నేను సమర్థించను. కానీ స్టిక్కర్ మీద ఉన్నదే అసలు ఖర్చు అనే మాట దగ్గర నాకు పేచీ ఉంది, ఎందుకంటే ఆ మాట వారానికి ఇద్దరు ముగ్గురితో నేను పడుతుంటా.

నేను ట్రంక్ రోడ్డు దగ్గర ఉంటాను, పాత పుస్తకాలు వేలంలో పెడతాను. ఒక పుస్తకం పంపాలంటే ముందు ప్లాస్టిక్ కవర్లో చుట్టాలి, వానాకాలం అయితే రెండుసార్లు, తర్వాత మూలలు నలగకుండా నాలుగు వైపులా అట్ట, దానిమీద బబుల్ ర్యాప్, టేపు. కిరాణా కొట్టు పెట్టెలు ఊరికే వచ్చే రోజులు పోయాయి, అవి కూడా కొనాల్సిందే. ఆ తర్వాత బండి తీసి పోస్టాఫీసుకు పోవాలి, లైనులో నిలబడాలి, సర్వర్ డౌన్ అంటే మళ్లీ రేపు పోవాలి. ఒక్క పుస్తకానికి ఎంత లేదన్నా గంట. మేము పోస్టేజీ మీద 40 రూపాయలు ఎక్కువ తీసుకుంటే దోచుకుంటున్నట్టు మెసేజీలు పెడతారు. ఆ గంటకు విలువ లేదా?

ఒకప్పుడు రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఉన్నప్పుడు ఈ గొడవ ఇంత లేదు, కిలో పుస్తకం కూడా చాలా తక్కువలో పోయేది. 2024 డిసెంబర్ 18న దాన్ని తీసేశారు. ఆ రోజు నుంచి మాలాంటి చిన్నవాళ్ల లెక్కలన్నీ తారుమారు అయ్యాయి. పుస్తకం 80కి పాట పోతుంది, పంపడానికి దానికంటే ఎక్కువ అవుతుంది, కొన్నాయన నన్నే తిడతాడు.

సింగరాయకొండ_88:
ఇందులో చర్చ ఏముంది? షిప్పింగ్ అదనం అని రాసుంది, ఎంతో అడక్కుండా పాడింది ఎవరు? వేలం అంటేనే మన లెక్క మనం చూసుకుని పాడటం. నా జేబులో 250 ఉంటే, షిప్పింగ్ 150 అంటే, 100 దాకానే పాడతా. అమ్మేవాడు షిప్పింగ్ పెంచితే పాట తగ్గుతుంది, తగ్గిస్తే పాట పెరుగుతుంది, చివరికి ఆయనకు వచ్చేది ఒకటే. ఎవరికీ అన్యాయం లేదు.

ఒంగోలు_పోస్టల్_రిటైర్డ్:
ముప్పై ఏళ్లు కౌంటర్లో కూర్చున్నవాడిని, రేట్ల సంగతి చెప్తాను, మిగతాది మీరే తేల్చుకోండి.

2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అక్టోబర్ 1 నుంచి స్పీడ్ పోస్ట్ కొత్త రేట్లు. 50 గ్రాముల లోపు కవరు అదే ఊళ్లో అయితే 19 రూపాయలు, ఊరు దాటితే దేశంలో ఎక్కడికైనా 47. దీనిమీద 18 శాతం జీఎస్టీ. 47కి పన్ను కలిపితే 55.46, కావలి బాబు చెప్పిన స్టిక్కర్ లెక్క అదే. చిరునామాదారు చేతికే ఇవ్వాలంటే రిజిస్ట్రేషన్ కింద ఇంకో 5, ఓటీపీ చెప్తేనే ఇవ్వాలంటే ఇంకో 5, వీటిమీద కూడా పన్ను. అన్నీ పెట్టినా 70 దాటదు. విలువైన స్టాంపులు పంపేటప్పుడు ఆ 5 రూపాయలు కక్కుర్తి పడకుండా పెట్టించుకోవడం మంచిది, మీ అమ్మకందారు అదీ పెట్టలేదు.

నెల్లూరు తమ్ముడికి ఒక మాట. బుక్ పోస్ట్ పోయిందని బాధపడ్డావు, నిజమే, నాకూ బాధే. కానీ 2025 మే 1 నుంచి పుస్తకాలకు జ్ఞాన పోస్ట్ అని పెట్టారు, 300 గ్రాములకు 20 రూపాయలతో మొదలై 5 కిలోలకు 100 దాకా, పన్ను అదనం. అడిగి చూశావా?

నెల్లూరు_పాతపుస్తకాలు:
అడిగాను బాబాయ్. ప్రకటనలు ఉన్న పుస్తకం తీసుకోరు, ప్రింటరు పేరో పబ్లిషరు పేరో ఉండాలి. నేను అమ్మేవాటిలో సగం పాత మాసపత్రికలు, వాటి వెనక అట్టంతా సబ్బుల ప్రకటనలు, ఇంక కొన్నిటికి మొదటి పేజీలే ఉండవు. పైగా రోడ్డు మీద పోయేది కాబట్టి ఆలస్యం, పదో రోజుకు కొన్నాయన ఫోన్ చేసి "పంపావా లేదా" అంటాడు. పనికొచ్చిన చోట వాడుతున్నా.

ఉదయగిరి_చెక్కపని:
నేను ఇంకో రకం చెప్తాను. మావి చెక్క స్పూన్లు, ఫోర్కులు, ట్రేలు. మిగిలిన పీసులను సెట్లుగా కట్టి నెలకోసారి వేలంలో పెడతాం. పోయినసారి ఒక మేడం గారు పెట్టె తూచి ఫోటో పంపారు, 1 కిలో 800 గ్రాములు, మీరు 6 కిలోలకు డబ్బు తీసుకున్నారు, ఇది మోసం కాదా అని. ఆమె తూకం తప్పు కాదు. మా లెక్కా తప్పు కాదు. కొరియర్ వాళ్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 5000తో భాగిస్తారు. మా పెట్టె 40, 30, 25. అంటే 30,000, భాగిస్తే 6. అసలు బరువు, ఈ బరువు రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జి. స్పూన్లు విరగకుండా చుట్టూ కాగితం కూరాలంటే పెట్టె పెద్దదే కావాలి. చిన్న పెట్టెలో బిగిస్తే పిడులు విరిగి వస్తాయి, అప్పుడు కూడా మాటలు పడేది మేమే.

ఆ మేడంకు ఇదంతా రాసి కొరియర్ రసీదు ఫోటో పెట్టాను, అర్థం చేసుకున్నారు. కానీ ముందే లాటు కింద రాసుంటే ఆమెకు ఆ బాధ, నాకు ఆ టెన్షన్ ఉండేవి కావు. అది నా తప్పే అనుకుంటున్నా.

చీమకుర్తి_కామర్స్:
సింగరాయకొండ అన్న చెప్పిన లెక్క, అంటే షిప్పింగ్ పెరిగితే పాట అంత తగ్గుతుంది అనేది, కాగితం మీద కరెక్టే, మా లెక్చరర్ కూడా మొదట అలాగే చెప్పారు. కానీ నిజంగా జనం అలా పాడతారా అని తంజిమ్ హొస్సేన్, జాన్ మోర్గాన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈబే అనే అమెరికా ఆన్‌లైన్ వేలం సైటులో సీడీలు, వీడియో గేములు పెట్టి పరీక్షించారు, 2006లో పేపరు వచ్చింది. ఒకే సరుకును కొన్నిసార్లు 4 డాలర్ల ప్రారంభ ధర, షిప్పింగ్ ఉచితం అని పెట్టారు, కొన్నిసార్లు 1 సెంటు ప్రారంభ ధర, షిప్పింగ్ 3.99 డాలర్లు అని పెట్టారు. మొత్తం చూస్తే రెండూ ఒకటే కదా. అయినా రెండోదానికే పాడేవాళ్లు ఎక్కువ వచ్చారు, అమ్మినవాళ్లకు చివరికి వచ్చిన డబ్బూ ఎక్కువే. ప్రారంభ ధర, షిప్పింగ్ కలిపిన మొత్తం ఎక్కువగా ఉన్న సీడీల దగ్గర మాత్రం ఈ తేడా కనపడలేదు. అంటే చాలాసార్లు పాడేటప్పుడు మనిషి షిప్పింగును సరిగా లెక్కలోకి తీసుకోడు.

ఇంకోటి. అప్పట్లో ఈబే కమీషన్ పాట మొత్తం మీదే ఉండేది. కొందరు సరుకు ధర నామమాత్రంగా పెట్టి షిప్పింగులో రాబట్టేవాళ్లు, కమీషన్ తప్పించుకోవడానికి. 2011లో షిప్పింగ్ మీద కూడా కమీషన్ వేయడం మొదలుపెట్టాక ఆ దారి మూసుకుపోయింది.

సింగరాయకొండ_88:
ఆ పరీక్ష సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటా. కానీ జనం లెక్క వేసుకోకపోతే తప్పు అమ్మేవాడిది ఎట్లా అవుతుంది తమ్ముడూ? రాసి పెట్టినదాన్ని చదవని వాడిని ఎవరు కాపాడతారు?

కావలి_స్టాంపులు:
అన్నా, రాసి పెట్టి ఉంటే మీ మాటే నా మాట. 150 అని అక్కడ ఉంటే నేను ఒక్క లాటుకే పాడేవాడిని, లేకపోతే అసలు పాడేవాడిని కాదు. అంకె లేకుండా "అదనం" అనే ఒక్క మాట రాసి, గెలిచాక అంకె చెప్పడం రాసి పెట్టడం కాదు. పాట అయిపోయాక నేను వెనక్కి పోలేను, పోతే నా ఖాతాకు చెడ్డ పేరు, ఆ సంగతి ఆయనకు తెలుసు.

ఇంకో విషయం చెప్పాలి, ఇది నాకే ఆలస్యంగా తట్టింది. ఆ నాలుగు లాట్లలో ఒక కవరు ఫోటోలో లేని మరకతో వచ్చింది. తిరిగి పంపుతానంటే, పాట డబ్బు 60 ఇస్తాం, షిప్పింగ్ వెనక్కి రాదు అన్నారు. అంటే 210 పెట్టి కొన్న వస్తువుకు 60 వెనక్కి, మళ్లీ పంపే ఖర్చు నాది. సరుకు ధరలో ఉండాల్సిన డబ్బును షిప్పింగ్ పేరు కిందకి మారిస్తే, కొన్నవాడికి ఆ డబ్బు తిరిగి అడిగే హక్కు కూడా దాంతోపాటే పోతోంది. ప్యాకింగ్ కష్టానికి 40 తీసుకోండి, 60 తీసుకోండి, నేను కాదనను. సరుకు ధరను మాత్రం పోస్టేజీలో దాచొద్దు.

చీమకుర్తి_కామర్స్:
చట్టం కూడా కొంత మీ వైపే ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం డెలివరీ చార్జీతో సహా మొత్తం ధర ఒకే అంకెగా, విడివిడి లెక్కతో చూపించాలి. 2023 నవంబర్ 30న కేంద్రం డార్క్ ప్యాటర్న్స్ అని 13 రకాల మాయలను నిషేధించింది, ధరలో కొంత భాగాన్ని ముందు దాచి తర్వాత బయటపెట్టడం అందులో ఒకటి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కాకపోతే ఇంట్లో ఉన్న పాత వస్తువును ఎప్పుడో ఒకసారి సొంతంగా అమ్ముకునే మనిషికి ఆ 2020 నిబంధనలు వర్తించవు. మీకు అమ్మినాయన వ్యాపారంగా వేలం పెడుతుంటే మాత్రం అలా తప్పించుకోలేడు.

ఉదయగిరి_చెక్కపని:
ఫోన్ చేసే ముందు ఇంకోసారి మాట్లాడి చూడండి అన్నా. కొందరికి నిజంగా చెప్పేవాళ్లు లేక అలవాటుగా చేస్తుంటారు.

నెల్లూరు_పాతపుస్తకాలు:
ఆ మరక కవరు సంగతి చదివాక నా రిటర్న్ పద్ధతి కూడా మార్చుకోవాలి అనిపించింది. నేను కూడా షిప్పింగ్ తిరిగి ఇవ్వను అని రాస్తున్నా. తప్పు నాదైతే, అంటే నేను చెప్పని చిరుగో చెదపురుగో ఉంటే, రెండు వైపులా ఖర్చు నేనే పెట్టుకోవాలి. మనసు మార్చుకుని వెనక్కి పంపితే మాత్రం పెట్టుకోను.

లాట్లు కలిపి పంపడంలో కూడా ఒక చిక్కు ఉంది, అది కొనేవాళ్లు గమనించరు. ఇవాళ ఒకటి గెలిచి, "ఆగన్నా, వచ్చే ఆదివారం ఇంకో రెండు పాడతా, అన్నీ కలిపి పంపు" అంటారు. నెల గడుస్తుంది. డబ్బు రాదు, పుస్తకం నా మంచం కింద ఉంటుంది. అందుకే పది రోజుల గడువు పెట్టాను. ఆ లోపు గెలిచినవన్నీ ఒకే పెట్టె, పోస్టేజీ రసీదులో ఉన్నంత, ప్యాకింగ్ మొదటి పుస్తకానికి 40, తర్వాత ఒక్కోదానికి 10. బరువు లాటు కిందే రాస్తాను.

సింగరాయకొండ_88:
మొదటిదానికి 40, తర్వాత 10 అనేది బాగుంది. అంకె ముందే ఉండాలి అనేది కూడా ఒప్పుకుంటున్నా. అమ్మేవాడు ఎంత పెట్టుకోవాలో మనం చెప్పకూడదు అనే మాట మీద మాత్రం ఉన్నా. 150 అని ముందే రాస్తే అది ఆయన ఇష్టం.

ఒంగోలు_పోస్టల్_రిటైర్డ్:
ముందే రాసినా ఒకే కవరుకు నాలుగుసార్లు అంటే నేను ఒప్పుకోను బాబూ. కౌంటర్లో నేను ఒక కవరు తూచి నాలుగు రసీదులు కొట్టి ఉంటే నా ఉద్యోగం పోయేది.

కావలి_స్టాంపులు:
నిన్న ఆయనకు మళ్లీ రాశాను, స్టిక్కర్ ఫోటో పెట్టి, ఒక కవరుకు 150 ఉంచుకోండి, మిగతా 450 ఇవ్వండి అని. ఇంకా జవాబు లేదు. శుక్రవారం దాకా చూసి 1915కి చేస్తాను.

నెల్లూరు అన్నా, ఈ ఆదివారం మీరు పెడుతున్న నెల్లూరు జిల్లా పాత మ్యాపుల పుస్తకం బరువు ఎంత?

నెల్లూరు_పాతపుస్తకాలు:
పెట్టెతో కలిపి 1 కిలో 150 గ్రాములు. పబ్లిషరు పేరు ఉంది, ప్రకటనలు లేవు, జ్ఞాన పోస్టుకు సరిపోతుంది. ప్యాకింగ్ 40. ఆర్టీసీ కార్గోలో వేయమన్నా వేస్తాను, రసీదు ఎంతుంటే అంత. రైలెక్కి వచ్చి చేతికి తీసుకుంటే ఏమీ లేదు, ఆ 40 కూడా వద్దు.