‘రింగా రింగా రోజెస్’ ప్లేగు పాటేనా?

గ్రూపులో తిరుగుతున్న ఆ ఫార్వర్డ్ గురించి రాస్తున్నాను. మీ పిల్లలు నవ్వుతూ పాడుకునే ‘రింగా రింగా రోజెస్’ నిజానికి చావుపాట అని మొదలవుతుంది అది. 1665లో లండన్‌ను ఊడ్చేసిన ప్లేగు గురించే ఈ పాట పుట్టిందట. గులాబీల వలయం అంటే ఒంటి మీద లేచిన ఎర్రటి దద్దు. జేబు నిండా ‘పోజీస్’ అంటే రోగం అంటకుండా దగ్గర పెట్టుకున్న సువాసన పూలు. ఆ తర్వాత ‘అటిషూ’ అంటే రోగి తుమ్ము. ఆఖర్న అందరూ కూలబడటం, అంటే ప్రాణం పోవడం. చాలా స్కూళ్లలో టీచర్లు కూడా ఇదే చెబుతున్నారు.

వినడానికి ఒక్కో ముక్కా భలే అతుకుతుంది. కానీ పాట చరిత్ర తెలిసినవాళ్లు దీన్ని ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను. అయితే ఇందులో ఒక్క ముక్క మాత్రం అచ్చమైన నిజం. ఆ ఒక్కటి పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు పాట పాఠం, అంటే అందులోని మాటలు చూద్దాం. ఇంగ్లండ్‌లో ఈ పాట తొలిసారి అచ్చయింది 1881లో, కేట్ గ్రీన్‌అవే బొమ్మలు వేసిన ‘మదర్ గూస్’ అనే పిల్లల పాటల పుస్తకంలో. అంటే ప్లేగు వచ్చి 216 ఏళ్లు గడిచాక. అందులో ఇలా ఉంటుంది: ‘రింగ్ ఎ రింగ్ ఎ రోజెస్, ఎ పాకెట్ ఫుల్ ఆఫ్ పోజీస్, హష్ హష్ హష్ హష్, వి ఆర్ ఆల్ టంబుల్డ్ డౌన్’. తుమ్ము ఎక్కడుంది? లేదు. ‘హష్’ అంటే ‘ఉష్, చప్పుడు చేయకండి’ అని. తుమ్మును అనుకరించే ‘అటిషూ’ వేరే పాఠాల్లో వస్తుంది. మరి మన కాన్వెంట్ స్కూళ్లలో పిల్లలు ఏమని పాడతారు? ‘హుషా బుషా, ఆల్ ఫాల్ డౌన్’. మన హుషా బుషా తుమ్ముకన్నా ఆ పాత ‘హష్’కే దగ్గరగా వినిపిస్తోంది. ప్లేగు కథంతా నిలబడింది తుమ్ము మీద. ఆ తుమ్మే లేకుండా ఇంతమంది ఇన్నేళ్లుగా పాడుతున్నారు!

1883లో విలియం వెల్స్ న్యూవెల్ అమెరికా పిల్లల ఆటపాటలు సేకరించి ప్రచురించాడు. అందులో ఈ పాటకు ఉన్న ఒక పాఠం నాకు చాలా ఇష్టం. పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతారు. అందరికన్నా ఆఖర్న వంగిన పిల్ల, తనకు ఎవరంటే ఎక్కువ ఇష్టమో అందరి ముందూ చెప్పాలి. అంతే ఆట. కొన్ని పాఠాల్లో కిందపడటం కూడా ఉండదు, మోకాళ్లు కొద్దిగా వంచి మర్యాదగా చేసే కర్ట్‌సీ ఉంటుంది. మన ‘ఒప్పులకుప్పా వయ్యారిభామా, సన్నబియ్యం చాయపప్పు’కి ఒక చారిత్రక దుర్ఘటనను అర్థంగా వెతుకుతామా? తిరగడానికి ఊపు కావాలి, నోటికి ప్రాస కావాలి. ఇదీ అలాంటిదే.

ఇంగ్లిష్ పిల్లల పాటల మీద జీవితకాలం పనిచేసిన అయోనా, పీటర్ ఓపీ దంపతులు 1951లో తెచ్చిన ఆక్స్‌ఫర్డ్ పిల్లల పాటల నిఘంటువులో ఈ సంగతి ఎత్తుకున్నారు. తుమ్మడం, పడిపోవడం ఉన్నాయి కాబట్టి మూలాలు వెతికేవాళ్లకు ప్లేగు కథ చెప్పే వీలు దొరికిందన్నారు తప్ప దాన్ని సమర్థించలేదు. ఈ కథ జనంలో బాగా పాకింది కూడా రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. పైగా ఆ రోగంలో ముఖ్యంగా కనిపించేవి గజ్జల్లో, చంకల్లో లేచే గడ్డలు. తుమ్ములు దానికి గుర్తు కాదు.

ఇక ఆ నిజమైన ముక్క సంగతి. రోగం చెడు గాలి వల్ల వస్తుందని ఆ కాలపు నమ్మకం. కాబట్టి మంచి వాసన దగ్గర ఉంటే రక్ష అనుకునేవారు. అప్పట్లో లండన్‌లో ఉన్న ప్రభుత్వోద్యోగి శామ్యూల్ పీప్స్ డైరీలో 1665 జూన్ 7 నాటి పేజీ చదవండి. డ్రూరీ లేన్ అనే వీధిలో రెండు మూడు ఇళ్ల తలుపుల మీద లోపల ప్లేగు ఉందని తెలిపే ఎర్ర శిలువ గుర్తు, పక్కనే ‘ప్రభూ, మమ్మల్ని కరుణించు’ అన్న రాత ఆయన కంటపడ్డాయి. చూసీ చూడగానే తన ఒంటి వాసన మీద తనకే అనుమానం పుట్టింది. వెంటనే చుట్టలా చుట్టిన పొగాకు కొనుక్కుని వాసన చూశాడు, నమిలాడు, అప్పటికిగానీ భయం తగ్గలేదు. ఆ సెప్టెంబరులో ఒక్క వారంలోనే లండన్ మరణాల పట్టీలో ప్లేగు లెక్క 7,165కి చేరింది. వీధిలో నడిచే మామూలు మనిషి టెన్షన్ ఎలాంటిదో ఆ పొగాకు ముక్కలో తెలుస్తుంది.

ఈ నమ్మకం ఆచారంగా మారి ఇప్పటికీ బతికే ఉంది. 1750లో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో ఖైదీల నుంచి జైలు జ్వరం పాకి లార్డ్ మేయర్, ఇద్దరు జడ్జీలు సహా ఎంతోమంది చనిపోయారు. ఇప్పుడు మనం టైఫస్ అనేది అదే. అప్పటి నుంచి అక్కడ జడ్జీల చేతికి పూలగుత్తులు వచ్చాయి. ఏడాదిలో కొన్ని రోజుల్లో ఇప్పటికీ ఆ కోర్టు జడ్జీలు పూలగుత్తి పట్టుకునే వస్తారు. ఈస్టర్‌కు ముందు వచ్చే గురువారం రాజుగారు వృద్ధులకు చిన్న సంచుల్లో నాణేలు పంచే రాయల్ మాండీ వేడుక ఉంది కదా, అందులోనూ రాజుగారి చేతిలో సువాసన పూలగుత్తి ఉంటుంది. ఒకప్పుడు ఆ రోజు పేదల కాళ్లు కడిగేవారు, అప్పుడు రక్షగా పట్టుకున్న పూలే అవి. కాబట్టి ‘పోజీస్’ ఒక ఆచారం అన్నంతవరకూ ఫార్వర్డ్ చెప్పింది నిజమే. ఆ ఆచారం ఈ పాటలో దాగి ఉందన్నదానికే ఆధారం లేదు.

అసలు ప్లేగును గుర్తుపెట్టుకోవడానికి ఇంగ్లిష్‌వాళ్లకు పిల్లల పాటలో గూఢార్థం దాచాల్సిన అవసరమే లేదు. డెర్బీషైర్‌లో ఈమ్ అనే ఊరుంది. 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో అక్కడికి రోగం చేరిందంటారు. మతగురువు విలియం మాంపెసన్ మాట మీద రోగం బయటికి పాకకుండా ఊరివాళ్లు పొలిమేర దాటకుండా ఉండిపోయారు. సరిహద్దు రాయిలో గుంటలు చేసి, రోగం అంటకుండా వెనిగర్‌లో నాణేలు ఉంచేవారు. పక్క ఊళ్లవాళ్లు ఆ డబ్బు తీసుకుని తిండి పెట్టి వెళ్లేవారు. రోగం సోకిన ఇళ్ల ముందు చనిపోయినవాళ్ల పేర్లతో ఇప్పటికీ పలకలు ఉన్నాయి. ఏటా ఆగస్టు చివరి ఆదివారం ‘ప్లేగు సండే’ జరుపుతారు. క్లాసులో ప్లేగు గురించి చెప్పాలనుకునే టీచర్లు ఈమ్ కథ చెప్పండి. పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు.

‘పోజీ’కి ఇంకో అర్థం ఉందా అని కామెంట్లో ఒక టీచరమ్మగారు అడిగారు. అవునమ్మా, ‘పోజీ’కి పూలగుత్తి కాక ఇంకో అర్థం కూడా ఉంది. ఉంగరం లోపల చెక్కించే చిన్న పద్యపాదాన్నీ పోజీ అనేవారు. ‘పోయెసీ’ అన్న మాటకే ఇది కుదించిన రూపం. 16, 17 శతాబ్దాల్లో ప్రేమికులు, పెళ్లివారు ఇలాంటి ఉంగరాలు ఇచ్చిపుచ్చుకునేవారు. లండన్ మ్యూజియంలలో ఇవి బోలెడు ఉన్నాయి. అక్షరాలు బయటికి కనపడవు, వేలికి తగిలే వైపు ఉంటాయి. షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో గ్రాషియానో అనే పాత్ర ఉంగరం మీద ఉన్నది ‘నన్ను ప్రేమించు, విడిచిపెట్టకు’ అన్న పోజీయే. ‘హామ్లెట్’లోనూ కథలో ఆడే నాటకం ముందు వచ్చిన పొట్టి పద్యం విని, ఇది ఉపోద్ఘాతమా, ఉంగరం మీది పోజీయా అని హామ్లెట్ అడుగుతాడు. అయితే పాటలోనూ రింగ్ ఉంది, పోజీ ఉంది కదా అని రెంటికీ ముడిపెట్టకండి. అలా చేస్తే ప్లేగు కథ లాంటిదే ఇంకొకటి మనం తయారుచేసినట్టవుతుంది.

ఒక్క విన్నపం. ‘హుషా బుషా’ దగ్గర మీ చిన్నప్పుడు మీ స్కూల్లో ఇంకేమైనా పాడేవారా? ఊరు, సుమారుగా ఏ సంవత్సరమో వేసి కింద రాయండి.