ఐటీఐ సీట్లు పెంచాలా, తగ్గించాలా? విజయవాడ చుట్టుపక్కల పనుల లెక్క ఎలా తీయాలి?

ప్రశ్న: ఏటిగట్టు బోధకుడు

నమస్కారం. విజయవాడ సమీపంలోని ఒక ఐటీఐలో నేను బోధకుడిగా పని చేస్తున్నాను. వచ్చే విద్యా సంవత్సరానికి ఏ ట్రేడ్‌లో సీట్లు పెంచమని కోరాలో, దేనిలో తగ్గించుకోవాలో తేల్చి, కలెక్టరు గారి అధ్యక్షతన జరిగే జిల్లా నైపుణ్య కమిటీకి నివేదిక సిద్ధం చేయమని మా ప్రిన్సిపాల్ గారు నాకు అప్పగించారు.

కొన్నేళ్ల క్రితం ఇలాంటి ప్రయత్నమే ఒకసారి చేశాం. చుట్టుపక్కల సంస్థలకు ప్రశ్నపత్రం పంపి, రాబోయే మూడేళ్లలో ఎంతమంది ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు కావాలో రాసి ఇమ్మని అడిగాం. వచ్చిన అంకెలన్నీ కూడితే మేము ఊహించనంత పెద్ద మొత్తం తేలింది. దాన్ని నమ్మి సీట్లు పెంచాం. తీరా ఆ పిల్లలు రెండేళ్ల చదువు ముగించుకుని వచ్చేసరికి, అంకెలు రాసి ఇచ్చిన యజమానుల్లో చాలామంది ఫోను కూడా ఎత్తలేదు. ఆ పిల్లల తల్లిదండ్రులకు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది నేనే.

ఈసారి ఆ పొరపాటు జరగకూడదు. ప్రభుత్వం ప్రచురించే ఉపాధి గణాంకాలు ఇలాంటి నిర్ణయానికి సరిపోతాయా, లేక మేమే షెడ్డు షెడ్డూ తిరగాలా? తిరిగితే ఏమి అడగాలి?

జవాబు 1: గుంటూరు విశ్రాంత గణాంకుడు

మాస్టారూ, ముందుగా గణాంకాల సంగతి చెబుతాను, ఎందుకంటే నా సర్వీసంతా వాటితోనే గడిచింది. 2017 ఏప్రిల్‌లో మొదలైన, ఇంటింటి నమూనాతో ఉపాధి, నిరుద్యోగాలను కొలిచే కేంద్ర ప్రభుత్వ పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే రాష్ట్ర స్థాయిలో చాలా విలువైనది. 2025 జనవరి నుంచి దాని పద్ధతి మార్చి, నమూనా ఎంపికలో జిల్లాను ప్రాథమిక విభాగంగా తీసుకుంటున్నారు, ఫలితాలను నెలనెలా విడుదల చేస్తున్నారు. అయితే ఎన్టీఆర్ జిల్లాలో వెల్డర్లు ఎందరు, డీజిల్ మెకానిక్కులు ఎందరు అని మీరు దాన్ని అడిగితే అది చెప్పలేదు. అంత సన్నటి ప్రశ్నకు సరిపడే నమూనా అందులో ఉండదు.

మిగిలిన రికార్డుల ఇబ్బంది వేరు. ఖాళీలను ఉపాధి కల్పన కార్యాలయానికి తెలియజేయాలన్న 1959 నాటి చట్టం ప్రైవేటు రంగంలో 25 మంది, అంతకు మించి పని చేసే సంస్థలను దృష్టిలో పెట్టుకుని వచ్చింది. భవిష్య నిధి వర్తింపు 20 మంది దగ్గర మొదలవుతుంది. వార్షిక పరిశ్రమల సర్వే కరెంటుతో నడిచే చోట 10 మంది, కరెంటు లేని చోట 20 మంది ఉన్న కర్మాగారాలను లెక్కిస్తూ వచ్చింది. ఆరుగురితో నడిచే ఆటోనగర్ షెడ్డు ఈ మూడు వలల్లో ఏ ఒక్కదానిలోనూ పడదు, మీ విద్యార్థుల్లో ఎక్కువమందికి మొదటి పని దొరికేదేమో అలాంటి చోటే. ఇక ఉపాధి కార్యాలయంలోని లైవ్ రిజిస్టరును నిరుద్యోగుల లెక్కగా వాడుకోకండి. పేరు నమోదు చేయించుకున్నవారు పని దొరికాక వెళ్లి తీసేయించుకోవడం నేనైతే అరుదుగా చూశాను.

అన్నింటికంటే పెద్ద చిక్కు సరిహద్దుది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది. గన్నవరం కృష్ణా జిల్లాలో, వారధి దాటగానే వచ్చే తాడేపల్లి, ఆపైన మంగళగిరి గుంటూరు జిల్లాలో ఉన్నాయి. మంగళగిరిలో కాపురముండి ఉదయం ఆటోనగర్‌కు, విజయవాడలో ఉండి రాజధాని పనులకు తుళ్లూరు వైపు వెళ్లేవారికి ఈ గీతలతో పని లేదు. బ్రిటన్‌లో ఇందుకోసమే జిల్లాలను పక్కన పెట్టి, సాధారణంగా అక్కడ నివసించే కార్మికుల్లో 75 శాతం అక్కడే పని చేసేలా, అక్కడ పని చేసేవారిలో 75 శాతం అక్కడే నివసించేలా ప్రయాణ పరిధులను గీసుకుంటారు. మన దగ్గర 2011 జనాభా లెక్కల్లో పనిచోటికి ఎంత దూరం, ఏ వాహనంలో వెళతారని అడిగారు గానీ, ఆ సమాచారం రాజధాని రాక ముందటిది. కాబట్టి మీ నివేదికలో మొదటి పేజీ మీద ఉండవలసింది జిల్లా పటం కాదు. మీ పూర్వ విద్యార్థులు రోజూ ఏ బస్సెక్కి ఎక్కడికి వెళుతున్నారో తెలిపే పటం పెట్టండి.

జవాబు 2: ఆటోనగర్ షెడ్డు

నేను లారీ బాడీలు కట్టే షెడ్డు నడుపుతున్నాను. మాస్టారు ఫోను ఎత్తని యజమానుల గురించి రాశారు గనుక మా వైపు మాట కూడా చెప్పడం న్యాయం. మూడేళ్ల తరవాత ఎంతమంది కావాలని అడిగితే మాకు నిజంగా తెలియదండి. మా పని ఛాసిస్‌లు, అంటే బాడీ లేని లారీ చట్రాలు రావడం మీద ఆధారపడి ఉంటుంది. ఒక నెల షెడ్డులో చోటు చాలదు, మరో నెల మేస్త్రీకి కూడా పని ఉండదు. అయినా కాగితం మీద అడిగారు కాబట్టి ఏదో ఒక అంకె వేస్తాం, ఎక్కువ వేస్తే పోయేదేమీ లేదు కదా.

అలా కాకుండా నిరుడు ఎవరిని పనిలోకి తీసుకున్నావు, ఎక్కడి నుంచి వచ్చాడు, ఎంత కూలి ఇచ్చావు, ఎన్నాళ్లున్నాడు, ఎందుకు వెళ్లిపోయాడు అని అడిగి ఉంటే వేళ్ల మీద చెప్పగలిగేవాడిని. వెల్డర్లు దొరకడం లేదని నేను కూడా అంటూ ఉంటాను. నిజం చెప్పాలంటే నేనిచ్చే కూలికి దొరకడం లేదు. అంతకంటే ఎక్కువ ఇచ్చే చోటికి, హైదరాబాదుకో గల్ఫ్‌కో వాళ్లు వెళ్లిపోతున్నారు. మీరు సీట్లు పెంచితే నాకు వెల్డర్లు దొరకరు, ఆ ఊళ్లకే మరికొందరు వెళతారు.

నిజమైన కొరత మరోచోట ఉంది. 2020 ఏప్రిల్ నుంచి కొత్త కాలుష్య ప్రమాణాల బీఎస్ 6 బండ్లు వచ్చాక, స్కానర్ పెట్టి లోపం చదవగలిగిన కుర్రవాడి కోసం మెకానిక్ షెడ్డుల వాళ్లు కొట్టుకుంటున్నారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యస్థ, భారీ సరుకు వాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. చెక్క పనివాడు, రేకు పనివాడు కలిసి క్యాబిన్ కట్టే చోట ఇప్పుడు వైరింగు, గ్యాసు పైపులు తెలిసినవాడు కూడా కావాలి. వీళ్లు కొత్త ట్రేడ్ చదివి రానక్కర్లేదు, ఉన్న పనివాళ్లకే సాయంత్రం పూట మూడు నెలలు నేర్పితే చాలు. మీ ప్రశ్నపత్రంలో ఆ గడి ఎక్కడా లేదు, అన్నీ సీట్ల గడులే.

జవాబు 3: సర్వే పని చేసేవాడిని

షెడ్డు గారు చెప్పిన కూలి సంగతిని మాస్టారు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఖాళీ ఎన్ని రోజుల నుంచి ఉంది, ఆ రోజుల్లో కూలి ఏమైనా పెంచి చూశారా అనే రెండు ప్రశ్నలు పక్కపక్కనే అడిగితే, నైపుణ్యం కొరతకు, గిట్టుబాటు కాని కూలికి తేడా చాలావరకు బయటపడుతుంది. మొదటిదానికి శిక్షణ మందు, రెండోదానికి కాదు.

ఇక గిరాకీ అనగానే అందరూ కొత్త పరిశ్రమలనే చూస్తారు. వయసు మీరి మానేసేవారి స్థానంలో కావలసినవారి సంఖ్యే తరచుగా అంతకంటే పెద్దది. ఉదాహరణకు మీ పరిధిలో ఒక పనిలో 400 మంది ఉన్నారనుకుందాం. ఏటా 5 శాతం మంది మానేస్తే 20 మంది కావాలి. పని పెరిగినందువల్ల మరో 10 మంది కావాలనుకుంటే మొత్తం 30. మీ చుట్టుపక్కల ఐటీఐల నుంచి ఏటా 60 మంది బయటికి వస్తూ, వారిలో సగం మంది వలస పోతున్నట్లయితే మిగిలేది 30. అక్కడ సీట్లు పెంచవలసిన అవసరం కనిపించదు. ఈ లెక్కకు కావలసిన అంకెల్లో వలస పోయే సగం ఎవరి దగ్గరా ఉండదు, అది మీ హాజరు పట్టీల్లోనే ఉంది. గత మూడు బ్యాచ్‌ల పిల్లలందరికీ ఫోను చేసి, ఏ ఊళ్లో, ఏ పనిలో, ఎంత జీతానికి ఉన్నారో రాసుకోండి. నా అనుభవంలో నెల రోజుల ఈ ఫోన్ల పని యాభై పేజీల ప్రశ్నపత్రం కంటే ఎక్కువ నేర్పుతుంది.

నమూనా గురించి ఒక హెచ్చరిక. యాదృచ్ఛికంగా ఎంచుకున్న 50 షెడ్డులను అడిగి, సగం మంది కొరత ఉందన్నారని తేలితే, అసలు వాటా దాదాపు 36 నుంచి 64 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. నివేదికలో 50 శాతం అని మాత్రమే రాస్తే కమిటీ దాన్ని రాతి మీద గీత అనుకుంటుంది.

ఏటిగట్టు బోధకుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. వెల్డరు కోర్సు ఏడాదిదే, ఫిట్టరు రెండేళ్లది. అంటే ఫిట్టరు సీటు విషయంలో మేము ఈ రోజు చేసే తప్పు రెండేళ్ల తరవాత గాని బయటపడదు. అందుకని ఈ ఏడాది రెండేళ్ల ట్రేడ్‌లను కదిలించకుండా, ఏసీ, స్కానర్ పనులకు సాయంత్రపు చిన్న కోర్సులు మాత్రమే ప్రతిపాదించి, పూర్వ విద్యార్థులకు ఫోన్లు మొదలుపెడదామని మా ప్రిన్సిపాల్ గారికి చెప్పబోతున్నాను. ఒక్క సందేహం మిగిలింది. గుంటూరు మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీల వైపు మా ఎలక్ట్రీషియన్లు, రిఫ్రిజిరేషన్ చదివినవారు వెళుతుంటారు. అక్కడ ఎప్పుడు అడగాలి?

గుంటూరు విశ్రాంత గణాంకుడు

మంచి ప్రశ్న. పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వేలో వారపు స్థితి ప్రకారం, గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం ఒక గంట పని చేసినవారు కూడా ఉపాధి ఉన్నవారే. సాధారణ స్థితి ప్రకారమైతే ఏడాది మొత్తాన్ని చూస్తారు, అందులో 30 రోజులకు తగ్గకుండా చేసిన అనుబంధ పనిని కూడా కలుపుతారు. అంటే వారపు లెక్క మీరు అడిగిన వారాన్ని బట్టి మారిపోతుంది. మార్చిలో యార్డుకు వెళితే హమాలీ నుంచి తొడిమలు తీసే అమ్మల వరకు అందరికీ పని ఉంటుంది, వేసవి సెలవుల్లో వెళితే గేటు కూడా మూసి ఉంటుంది. అందువల్ల సీజనులో ఒకసారి, ఆగస్టులో మరోసారి అదే మనుషులను అదే ప్రశ్నలు అడగండి. కోల్డ్ స్టోరేజీలకు మాత్రం సరుకు నిండాకే వెళ్లండి. యంత్రం ఆగితే ఎవరిని పిలుస్తారో, ఆ మనిషి ఎంత దూరం నుంచి వస్తాడో అప్పుడు మేనేజరు గారికి బాగా గుర్తుంటుంది.