సామర్థ్యం: టీఎంసీలా, క్యూసెక్కులా?

అనంతపురం నుంచి, భౌతికశాస్త్రం మాస్టారు:

పదో తరగతికి విద్యుత్ పాఠం చెబుతూ ఒక మాట దగ్గర ఇరుక్కున్నాను. ఈ బృందంలోని పెద్దలు తేల్చాలి.

‘విద్యుత్ సామర్థ్యం అంటే ఏమిటి?’ అని అడిగాను. ‘బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో అది, సార్’ అంది ముందు బెంచీ అమ్మాయి. తప్పే. కానీ ఆ తప్పు పిల్లది కాదు, మాటది. వాళ్ళ మిద్దె మీద నీళ్ళ ట్యాంకు సామర్థ్యం వెయ్యి లీటర్లు. కల్యాణ మండపం సామర్థ్యం ఐదు వందల మంది. వాడుకలో సామర్థ్యం అంటే ‘ఎంత పడుతుంది’ అనే. పాఠంలో మాత్రం అది సెకనుకు ఎంత శక్తి ఖర్చవుతోందో చెప్పే రేటు.

పేపర్లోనే చూడండి. శ్రీశైలం జలాశయం సామర్థ్యం 215 టీఎంసీలు. అక్కడి కుడిగట్టు విద్యుత్ కేంద్రం సామర్థ్యం 770 మెగావాట్లు. ఒకే ఆనకట్ట, ఒకే మాట. మొదటిది నిల్వ, రెండోది జోరు. పిల్లలు ఏమనుకోవాలి?

(కరెంటు అన్న మాటతో వచ్చే గొడవ వేరే. మనకు బిల్లూ కరెంటే, స్తంభమూ కరెంటే. ఫ్యానులోకి ఎంత కరెంటు వెళ్తుందో అంతే తిరిగి బయటికి వస్తుందనీ, ఖర్చయ్యేది శక్తి అనీ ఒప్పించడానికి నాకు ఒక పీరియడ్ పూర్తిగా పట్టింది.)

చివరికి నీళ్ళే ఆదుకున్నాయి. తుంగభద్ర ఎగువ కాలువ కింద పెరిగిన పిల్లలకు క్యూసెక్కులు వేరు, టీఎంసీలు వేరు అని చెప్పనక్కరలేదు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. వాట్ క్యూసెక్కు లాంటిది, యూనిట్ టీఎంసీ లాంటిది. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక గంటలో ఒక యూనిట్ కాలుస్తుంది, పది వాట్ల ఎల్ఈడీ బల్బుకు అదే యూనిట్ వంద గంటలు వస్తుంది. ఇంత చెప్పాక, ఒక యూనిట్ 36 లక్షల జౌళ్ళు ఎలా అవుతుందో పిల్లలే లెక్క కట్టారు.

పాఠం తలకెక్కింది, మాటలోని ముల్లు మాత్రం అలాగే ఉంది. సామర్థ్యానికి బదులు మనకు ఇంకో మాట ఉందా?

కడప నుంచి, తెలుగు పండితురాలు:

సార్, సమర్థుడి గుణం సామర్థ్యం. పని చేయగలడని చెబుతుందే తప్ప, ఎంతసేపట్లో చేస్తాడో ఆ మాటలో లేదు. మీ పిల్ల పొరపాటు పడడంలో వింత లేదు. నా ఓటు ‘ఉరవడి’కి. ఏటికి వాడతాం, గాలికి వాడతాం, కరెంటుకు ఎందుకు వాడకూడదు?

పనిలో పనిగా ఇంకొకటి. ‘విద్యుత్ శక్తి’ అని విడదీసి రాయకండి. తకారం పక్కన శకారం వస్తే రెండూ కలిసి చ్ఛ అవుతాయి: విద్యుచ్ఛక్తి. మా చిన్నప్పుడు ఆ మాటకు నోరు తిరిగినవాడే క్లాసులో సైంటిస్టు.

కర్నూలు నుంచి, రిటైరైన లైన్‌మన్:

అయ్యవారూ, నాకు వ్యాకరణం రాదు. కానీ మీరు వెతికే మాట మా దగ్గర ఎప్పటినుంచో ఉంది: లోడు. ‘ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువైంది’ అంటే అందరూ ఒకేసారి మోటార్లు వేశారని ఏ రైతుకైనా తెలుస్తుంది. నెలలో ఎంత కాలిందన్న మాట కాదు, ఈ క్షణాన ఎంత లాగుతున్నారన్న మాట.

ఇంకో సంగతి. ఐదు హెచ్‌పీ మోటారు అంటే 3,730 వాట్లని బళ్ళో లెక్క చేయిస్తారు. ప్లేటు మీద వేసేది ఇరుసు దగ్గర దొరికేది. లైను నుంచి లాగేది అంతకన్నా ఎక్కువే, తేడాలో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. నడుస్తున్న మోటారు మీద చెయ్యి వేసి చూసినవాడికి ఇది చెప్పే పని లేదు.

అనంతపురం మాస్టారు:

అన్నగారూ, మంచి చోట పట్టుకున్నారు. ఇరుసు దగ్గర దొరికినదాన్ని లైను నుంచి లాగినదానితో భాగిస్తే వచ్చేదాన్ని ‘దక్షత’ అంటాం. పేపర్లు దాన్ని కూడా ‘ఇంధన సామర్థ్యం’ అంటాయి. నేను రెండు అర్థాలని వచ్చాను, మీరు మూడోది చూపించారు.

మేడం, ఉరవడి వినడానికి ఎంతో బాగుంది. కానీ రాత్రి గుడ్డిగా వెలిగే జీరో బల్బుకు ఉరవడి ఏమిటని మా వాళ్ళు నవ్వుతారు. పేరుకు జీరో అయినా అదీ వాట్లు లాగేదే. పైగా పబ్లిక్ పరీక్షలో ఉరవడి అని రాస్తే దిద్దేవారు సున్నా చుడతారు. మా పుస్తకం ద్విభాషా పుస్తకం, ఇంగ్లీషు పేజీలో పవర్ అని ఉన్నచోట ఎదుటి పేజీలో సామర్థ్యం అని ఉంటుంది. దాన్ని కదిలించలేను. కాబట్టి లోడుతో మొదలుపెట్టి, క్యూసెక్కు మీదుగా సామర్థ్యం దగ్గరికి తీసుకువెళ్తాను. విద్యుచ్ఛక్తి విషయంలో మీదే గెలుపు, బోర్డు మీద ఇక కలిపే రాస్తాను.

కడప పండితురాలు:

ఉరవడిని ఓడించి క్యూసెక్కును నెగ్గించారా! అది తెలుగు మాటేనా, సార్?

అనంతపురం మాస్టారు:

వచ్చినప్పుడు కాదు. చివర కకారం ద్విత్వమై ఉకారం తగిలాక మనదే. బస్సు మనది కాలేదా?

కర్నూలు లైన్‌మన్:

అలాగైతే లోడు కూడా మనదే కదా, అయ్యవారూ.