గడ్డి మందుకు చావని పత్తి విత్తనం వేయాలా వద్దా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది వరంగల్ వైపు పల్లె, నాలుగెకరాల నల్లరేగడి, ఏటా పత్తే. ఈసారి ఊళ్లో ఒకతను పేరు, లేబుల్ ఏమీ లేని విత్తనం తెచ్చి, పైన గ్లైఫోసేట్ అనే గడ్డి మందు కొట్టినా మొక్క చావదు, కలుపు మాత్రమే పోతుంది అంటున్నాడు. కలుపుకి కూలీలు దొరక్క, దొరికినా ఇచ్చుకోలేక నాన్న దాదాపు ఒప్పేసుకున్నాడు, నాకేమో టెన్షన్‌గా ఉంది.

నేను బీటీ పత్తికి, అంటే పురుగుని తట్టుకునేలా జన్యువు చేర్చిన పత్తికి, వ్యతిరేకిని కాను. 2002లో అనుమతి వచ్చాక పచ్చపురుగు మందుల ఖర్చు బాగా తగ్గిందని నాన్నే చెబుతాడు. కానీ 2006లో వచ్చిన రెండు జన్యువుల బీటీ రకానికి కూడా గులాబీ రంగు పురుగు అలవాటు పడిపోయింది కదా. పోయిన నవంబరులో పైకి నిగనిగలాడుతున్న కాయని చీల్చి చూస్తే లోపల గింజ తొలిచేసి, దూది పసుపు మరకలతో ముద్దకట్టి, మధ్యలో చిన్న గులాబీ పురుగు. మా అమ్మ ఆ కాయ చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

గడ్డి మందుకు చావదంటున్న ఈ కొత్త రకానికి ప్రభుత్వ అనుమతి లేదు, బిల్లు ఇవ్వరు, మొలక రాకపోతే ఎవరిని అడగాలి? పక్క చేను వాళ్లది కంది, మందు గాలికి అటు పడితే మాడిపోతుంది, వాళ్లకేం సమాధానం చెప్పను?

ఇది వేసినవాళ్లు దిగుబడి, పురుగు సంగతి నిజంగా ఎలా ఉందో చెప్పండి. వేయకపోతే కలుపుకి మీరేం చేస్తున్నారు? తొలకరిలోపు నాన్నతో మాట్లాడాలి.