మూడిల్‌లో మార్కులు, గూగుల్ ఫామ్స్‌లో ఫీడ్‌బ్యాక్: అధ్యాపకులకు ముందు ఏం నేర్పాలి?

ప్రశ్న: 30 మంది అధ్యాపకులకు మూడిల్ (ఆన్‌లైన్‌లో కోర్సులు, మార్కులు నడిపే సాఫ్ట్‌వేర్), గూగుల్ ఫామ్స్‌పై రెండు గంటల శిక్షణ ఇవ్వాలండీ. సగం మందికి ఎక్సెల్ వరకే వచ్చు. ఎక్కడ మొదలుపెట్టను?

జవాబు 1: ఎక్సెల్ వస్తే పని సగం అయినట్టే. అసైన్‌మెంట్ సెట్టింగ్స్‌లో ‘ఆఫ్‌లైన్ గ్రేడింగ్ వర్క్‌షీట్’ టిక్ పెట్టించండి. షీట్ దించుకుని, గ్రేడ్ కాలమ్ నింపి, మళ్లీ ఎక్కించడమే. ఐడెంటిఫయర్ కాలమ్ జోలికి మాత్రం వెళ్లొద్దనండి, అది మారితే మార్కులు ఎవరివో మూడిల్‌కు తెలియదు. షీట్ దించాక ఎవరైనా మూడిల్‌లోనే మార్కు దిద్దితే, ఎక్కించేటప్పుడు ఆ వరుసను వదిలేస్తుంది. ‘ఎక్కలేదు’ అనే ఫిర్యాదు చాలాసార్లు ఇదే.

జవాబు 2: దించుకున్న షీట్ సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన సాదా పట్టిక), దాన్ని డబుల్ క్లిక్ చేసి తెరవనివ్వకండి. రోల్ నంబర్ ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. అంకెల మధ్య ఒక్క ‘ఈ’ అక్షరమే ఉంటే ఎక్సెల్ దాన్ని ఘాతసంఖ్య (పది ఘాతంతో రాసే సంఖ్య) అనుకుంటుంది. డేటా ట్యాబ్ నుంచి తెచ్చుకుని, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టాలి. తెలుగు వ్యాఖ్యలుంటే ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అనే ఫైల్ రకంలోనే సేవ్ చేయాలి, లేకపోతే అన్నీ ప్రశ్నార్థకాలే!

జవాబు 3: ఫీడ్‌బ్యాక్ ఫామ్‌లో ఈమెయిల్ సేకరణ ఆపి, ‘ఒక్క స్పందనే’ పెట్టండి. లాగిన్ అడుగుతుంది గానీ పేరు మీకు కనిపించదు. ఈ ముక్క విద్యార్థులకు ముందే చెప్పాలి మేడమ్, లాగిన్ చూడగానే జంకుతారు. ఎనిమిది మంది ఉన్న సెక్షన్‌లో హాస్టలా, డేస్కాలరా అని అడిగితే మాత్రం ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది.