అప్‌డేట్: బావ ఛాతీలో దిగిన మేకు తీసేశారు

మొన్న అడిగా కదా, నెయిల్ గన్ (మేకులు కొట్టే మెషిన్) మేకు మా బావ ఛాతీలో దిగింది, బీపీ బానే ఉంది, మాట్లాడుతున్నాడు, మరి డాక్టర్లు వెంటనే పీకకుండా ఎందుకు ఆగారు అని. ఆపరేషన్ అయిపోయింది, వార్డుకి మార్చారు.

మేకు కుడి జఠరికలోకి, అంటే గుండె కింది గదుల్లో కుడివైపు దానిలోకి వెళ్లిందండీ. గుండెలో ముందువైపు ఉండేది అదే కాబట్టి ఎదురుగా ఏం దిగినా ఎక్కువగా దానికే తగులుతుందట. బయటికున్న మేకు తల గుండె కొట్టుకున్నప్పుడల్లా సన్నగా ఊగుతోంది, అది చూసే డ్యూటీ డాక్టరుకి అనుమానమొచ్చింది. ఎక్స్‌రేలో మేకు కనిపించింది గానీ గుండె చుట్టూ ఉన్న పొరలో రక్తం చేరుతోందని పట్టించింది మాత్రం అల్ట్రాసౌండే. ఆ పొర గబుక్కున సాగదు, 150-200 మి.లీ. రక్తం వేగంగా చేరినా చాలు గుండె నొక్కుకుపోయి బీపీ పడిపోతుంది, టాంపనేడ్ అంటారు దీన్ని. రంధ్రానికి మేకే బిరడాలా అడ్డుపడింది, బయటే పీకేసుంటే... వద్దులెండి.

థియేటర్లో ఛాతీ ఎముక మధ్యకి కోసి, గుండె కంటికి కనపడ్డాకే మేకు తీశారు. కుట్లు చిన్న ఫెల్ట్ (మందపాటి మెత్తటి గుడ్డ లాంటిది) ముక్కల మీదుగా వేశారు, లేదంటే దారం కండరాన్ని కోసేస్తుందట. టెటనస్ ఇంజెక్షన్, యాంటీబయాటిక్స్ మామూలే. తర్వాత తీసిన ఎకోలో (గుండెకి చేసే అల్ట్రాసౌండ్) వాల్వులకీ, గదుల మధ్య గోడకీ దెబ్బ లేదు, కానీ రక్తమో నీరో ఆలస్యంగా కూడా చేరొచ్చని ఇంటికెళ్లాక మళ్లీ ఎకో తీస్తారంట.

ఎముక అతుక్కునేదాకా 6-8 వారాలు బరువులెత్తొద్దన్నారు. ఈయనేమో పనికెప్పుడు వెళ్లొచ్చని డాక్టర్నే అడుగుతున్నాడు, మా అక్క చూసిన చూపు చూడాలి!