పాత రిసీవర్‌కి కొత్త టీవీ: ఆప్టికల్ పెట్టినా సౌండ్ రావట్లేదు

తీగలమారి:
హోమ్ థియేటర్ రిసీవర్ (స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) 2003 నాటిది, 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్). వెనక డిజిటల్ సౌండ్ సాకెట్లు: ఆప్టికల్ (వెలుతురుతో పంపేది) రెండు, కోయాక్సియల్ (తీగతో పంపేది) ఒకటి. హెచ్‌డీఎంఐ లేదు. టీవీ కొత్తది, 55 అంగుళాలు. ఆప్టికల్ కేబుల్ రెండు వైపులా పెట్టినా చప్పుడు లేదు. టీవీ వెనక ఎర్ర, తెల్ల సాకెట్లున్నాయి, వాటిలోంచి తీసుకోవచ్చాండీ?

పాత_వాల్వు:
వాటి పక్కన ఏం రాసుందో చూడండి. ఇప్పటి టీవీల్లో దాదాపు ఎప్పుడూ ఏవీ ఇన్ అనే ఉంటుంది. సౌండ్ లోపలికి పోయే దారి అది, బయటికి రాదు.

ఇక ఆప్టికల్. కేబుల్ కొనలకి చిన్న ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, గాజులా ఉంటుంది గనక కంటికి ఆనదు. తీయకుండా గుచ్చితే టిక్కుమని కూర్చోదు. అది తీసి, టీవీ వైపు మాత్రం పెట్టి, రెండో కొన అరచేతికి ఆనించండి. ఎర్ర చుక్క పడాలి. పడకపోతే మెనూలో సౌండ్ అవుట్‌పుట్‌ని ఆప్టికల్‌కి మార్చండి.

బాస్_బ్రదర్:
చుక్క పడీ సౌండ్ లేకపోతే తప్పు రిసీవర్‌లోనో, ఫార్మాట్‌లోనో. ఆ కాలం రిసీవర్లలో ఒక ఆప్టికల్ డీవీడీకి, ఇంకోటి సీడీకి అన్నట్టు ముందే కేటాయించి ఉంటాయి, సాకెట్ పక్కనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ బటనే నొక్కాలి. ఇన్‌పుట్ మోడ్ అనలాగ్‌లో ఉంటే ఆటోకి తెండి. టీవీలో డిజిటల్ ఆడియో ఫార్మాట్ పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ సౌండ్) పెట్టండి, అయిపోతుంది.

మోనో_మనిషి:
పీసీఎం పరీక్షకి సరే, అక్కడే వదిలేయొద్దు. ఆప్టికల్‌లో పీసీఎం అంటే రెండు ఛానళ్లే. 5.1 కావాలంటే డాల్బీ డిజిటల్ (5.1ని కుదించి పంపే ఫార్మాట్) ఎంచుకోండి. పాస్-త్రూ (వచ్చిన సౌండ్‌ని మార్చకుండా అలాగే పంపడం) జోలికి పోకండి: ఓటీటీ యాప్‌లు ఎక్కువగా పంపేది డాల్బీ డిజిటల్ ప్లస్, అది ఆప్టికల్‌లో పోదు, 2003 రిసీవర్‌కి అర్థమూ కాదు. డాల్బీ డిజిటల్ అని పెడితే చాలా టీవీలు తామే మార్చి పంపుతాయి. అట్మాస్ (పైనుంచి కూడా సౌండ్ వినిపించే డాల్బీ రకం) మీద ఆశ పెట్టుకోకండి.

గోదారి_గట్టు:
ఇదే చర్చలో ఇంకో సందేహం. 32 అంగుళాల టీవీ, ఆప్టికల్ లేదు. ఆర్క్ (టీవీ సౌండ్‌ని వెనక్కి పంపే దారి) అని రాసిన హెచ్‌డీఎంఐ, హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్నాయి. ఆంప్లిఫయర్ అసెంబుల్డ్, వెనక ఆరు ఆర్‌సీఏలు (ఎర్ర, తెల్ల లాంటి గుండ్రటి సాకెట్లు), 5.1లో ఒక్కో ఛానల్‌కి ఒకటి.

పాత_వాల్వు:
చవక దారి 3.5 ఎంఎం నుంచి రెండు ఆర్‌సీఏల కేబుల్. ఫ్రంట్ రెండిటికీ పెట్టండి. టీవీ వాల్యూమ్ 80 దగ్గర ఉంచి మిగతాది ఆంప్ మీద తిప్పండి. టీవీలో తగ్గించి ఆంప్‌లో పెంచితే బుస్స్ కూడా పెరుగుతుంది.

పాత స్టీరియో ఆంప్ ఉన్నవాళ్లకి ఒక మాట: ఆక్స్, సీడీ, టేప్ ఇన్ ఏదైనా పర్లేదు, ఫోనోలో మాత్రం గుచ్చొద్దు. రికార్డు ప్లేయర్ ముల్లు నుంచి వచ్చే బలహీన సిగ్నల్ కోసం పెట్టింది అది. సుమారు వంద రెట్లు పెంచి, బేస్‌ని ఇంకా ఎత్తుతుంది. టీవీ సౌండ్ పగిలిపోతుంది.

బాస్_బ్రదర్:
ఆరూ పలకాలంటే ఆర్క్ ఇన్‌పుట్ ఉన్న 5.1 డీకోడర్ (డాల్బీని విప్పి ఆరు ఛానళ్లుగా ఇచ్చే) పెట్టె కావాలి. పెట్టె మీద ఆర్క్ అని ఉందో లేదో చూసే కొనండి. మామూలు హెచ్‌డీఎంఐ ఎక్స్‌ట్రాక్టర్ (హెచ్‌డీఎంఐలోంచి సౌండ్ విడదీసే పెట్టె) ప్లేయర్‌కీ టీవీకీ మధ్య కూర్చుంటుంది, టీవీ నుంచి వెనక్కొచ్చే సౌండ్ దానికి అందదు. చిన్న డ్యాక్ (డిజిటల్‌ని అనలాగ్ చేసే) పెట్టెలూ వద్దు, వాటికి పీసీఎం తప్ప తెలీదు, డాల్బీ ఇస్తే మూగబోతాయి లేదా కరకరలాడతాయి. టీవీలో సీఈసీ (హెచ్‌డీఎంఐ పరికరాలు ఒకదాన్నొకటి నడిపే సదుపాయం) ఆన్ చేయండి. కంపెనీని బట్టి ఎనీనెట్ ప్లస్, బ్రావియా సింక్, సింప్లింక్ అని పేర్లు మారుతుంటాయి.

మోనో_మనిషి:
ఆర్‌సీఏ పెట్టాక గుయ్‌మని హమ్ వస్తే కేబుల్ టీవీ తీగ ఒక్కసారి పీకి చూడండి. ఆగిపోతే ఎర్త్ లూపే (ఎర్త్ రెండు దారుల్లో కలవడం వల్ల వచ్చే హమ్). ఆంప్, టీవీ, సెట్‌టాప్ బాక్సు మూడూ ఒకే స్పైక్ బోర్డుకి పెట్టి చూడండి, అయినా పోకపోతే కేబుల్ తీగకి ఐసొలేటర్ వేయాలి. ఆంప్ మూడో పిన్ను మాత్రం పీకకండి, అది ప్రాణానికి సంబంధించింది. ఆప్టికల్‌లో వెళ్లేది వెలుతురే గనక దాని గుండా ఈ బెడద రాదు.

తీగలమారి:
టోపీయేనండీ! ఒకవైపుది తీయలేదు. రిసీవర్‌లో డాల్బీ డిజిటల్ లైటు వెలిగింది. కానీ మాటలు సన్నగా వస్తున్నాయి, సెంటర్ స్పీకర్ మూగగానే ఉంది.

పాత_వాల్వు:
రిసీవర్ స్పీకర్ సెటప్‌లో సెంటర్ "నన్" (అంటే లేదు) అని ఉందేమో, "స్మాల్" చేయండి. తర్వాత టెస్ట్ టోన్ వేసి సెంటర్‌ని 2, 3 డెసిబెల్స్ పెంచుకోండి. పెదాలకీ మాటకీ తేడా ఉంటే టీవీలో ఆడియో డిలే 10 మిల్లీసెకన్ల చొప్పున మార్చి చూడండి.